పిల్లల కోసం వైద్యం: ఖర్చెంత? బీమా వస్తుందా?

పెళ్లయిన ఏడాదికే ఊళ్లో అడగడం మొదలవుతుంది. "ఏమన్నా విశేషమా?" అంటారు. రెండేళ్లు దాటితే గొంతు మారుతుంది. మూడేళ్లు దాటితే సీమంతానికి పిలవరు. గొడ్రాలని చాటుగా అంటారు. ఒక్కోసారి మొహం మీదే అంటారు. మగవాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనరు. పైగా అతనికి ఇంకో పెళ్లి చేద్దామంటారు.

ఈ మాటలు పడలేక ఆడవాళ్లు మొక్కులు మొక్కుతారు. తాయెత్తులు కట్టుకుంటారు. చివరికి పట్నం ఆసుపత్రికి పోతారు. అక్కడ ఖర్చు లక్షల్లో చెబుతారు. మెడలో గొలుసు తాకట్టుకు పోతుంది. ఆ తరువాత పొలం కాగితాలు పోతాయి. అందుకే ఆసుపత్రి మెట్లు ఎక్కకముందే లెక్క తెలుసుకోవాలి.

లోపం ఎవరిది?

గర్భం రాకుండా ఏ సాధనమూ వాడకుండా ఏడాది పాటు కాపురం చేసినా గర్భం రాకపోతే డాక్టరుకు చూపించుకోవాలి. ఆడమనిషికి 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే చూపించుకోవాలి.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇది పాపం కాదు, శాపం కాదు. ఇది ఆరోగ్య సమస్య.

ఆడమనిషిలో కారణాలు ఉండవచ్చు. అండం సరిగా విడుదల కాకపోవచ్చు. గర్భనాళాలు మూసుకుపోవచ్చు. థైరాయిడ్ ఉండవచ్చు. గర్భసంచికి, నాళాలకు క్షయ సోకవచ్చు. మగవానిలో కూడా కారణాలు ఉంటాయి. వీర్యకణాలు తక్కువ ఉండవచ్చు, వాటికి కదలిక లేకపోవచ్చు. దాదాపు సగం జంటల్లో మగవాని వైపు కూడా ఏదో ఒక కారణం కనిపిస్తుంది. కాబట్టి పరీక్ష ఇద్దరికీ జరగాలి.

రమణమ్మ ఇంట్లో ఏం జరిగింది?

రమణమ్మకు పెళ్లయి అయిదేళ్లయింది. కూలికి పోతుంది. భర్త వెంకటేశు ఆటో నడుపుతాడు. అత్త కోడల్ని నాలుగు ఆసుపత్రులు తిప్పింది. స్కానింగులు, రక్త పరీక్షలు, మందులు. మొత్తం 38,000 రూపాయలు అయ్యాయి.

ఒకరోజు నర్సమ్మ ఇంటికి వచ్చింది. కాగితాలన్నీ తిరగేసింది.

"ఇందులో మీ ఆయన కాగితం ఒక్కటీ లేదేం రమణమ్మా?"

"మా వాడికేం? గుండ్రాయిలా ఉన్నాడు" అంది అత్త.

"పైకి చూస్తే తెలియదు పెద్దమ్మా. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కోడలికి 38,000 పెట్టావు. నీ కొడుకు పరీక్షకు కొన్ని వందలు చాలు. సూది లేదు, కోత లేదు. ముందు చెయ్యాల్సింది ఆ పరీక్షే."

వెంకటేశు వారం రోజులు మాట దాటేశాడు. ఎనిమిదో రోజు వెళ్లాడు. కణాలు బాగా తక్కువ ఉన్నాయని వచ్చింది. ఆ రాత్రి అతను అన్నం తినలేదు. రమణమ్మే కంచం ముందు పెట్టి, "రోగమే కదా, తప్పేముంది?" అంది. ఆనాటి నుంచి అత్త కోడల్ని ఒక్క మాట అనలేదు.

వైద్యంలో మెట్లు

అందరికీ పెద్ద వైద్యం అక్కరలేదు. చిన్న మెట్టు నుంచి మొదలు పెట్టాలి.

మొదటి మెట్టు: ఉన్న జబ్బును బాగు చేయడం. థైరాయిడుకు మాత్రలు చవక. క్షయకు సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితం. పొగ, గుట్కా, తాగుడు మానడానికి ఖర్చే లేదు, డబ్బు మిగులుతుంది.

రెండో మెట్టు: అండం విడుదల కావడానికి మాత్రలు.

మూడో మెట్టు: ఐ.యు.ఐ. భర్త వీర్యాన్ని శుభ్రం చేసి, సన్నని గొట్టంతో గర్భసంచిలోకి ఎక్కిస్తారు. దీని ఖర్చు వేలల్లో ఉంటుంది.

నాలుగో మెట్టు: ఐ.వి.ఎఫ్. దీన్నే జనం టెస్ట్‌ట్యూబ్ బేబీ అంటారు. కొన్ని రోజుల పాటు ఇంజక్షన్లు ఇచ్చి అండాలను పెంచుతారు. సూదితో వాటిని బయటకు తీస్తారు. ప్రయోగశాలలో వీర్యకణాలతో కలుపుతారు. పిండం తయారయ్యాక గర్భసంచిలో పెడతారు. కణాలు బాగా తక్కువ ఉంటే ఒక్కొక్క కణాన్ని అండంలోకి సూదితో పంపుతారు. దాన్ని ఇక్సి అంటారు.

ఈ పద్ధతిలో మొదటి పాప 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న మన దేశంలో కలకత్తాలో ఒక పాప పుట్టింది. ఆ వైద్యం చేసిన డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ.

ఒక్కసారి ఐ.వి.ఎఫ్. చేయిస్తే బిడ్డ పుట్టి తీరుతుందని అనుకోకూడదు. వయసులో ఉన్నవాళ్లలో కూడా ఒక్క విడతకు సగం మందికి పైగా బిడ్డ పుట్టదు. వయసు పెరిగే కొద్దీ అవకాశం ఇంకా తగ్గుతుంది. 40 దాటితే బాగా తగ్గుతుంది. "నూటికి నూరు గ్యారంటీ" అని ఎవరన్నా అంటే అది అబద్ధం.

బోర్డు మీద ఒక అంకె, బిల్లులో ఒక అంకె

పట్నంలో ఒక సంతాన కేంద్రం బోర్డు మీద "ప్యాకేజీ 99,000 మాత్రమే" అని ఉంది. రమణమ్మ రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. బోర్డు కింద చిన్న అక్షరాలు కూడా కూడబలుక్కుని చదివింది. "షరతులు వర్తిస్తాయి" అని ఉంది.

"షరతులంటే ఏంటమ్మా? అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వు" అని కౌంటరులో అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి రాసిచ్చింది.

ప్యాకేజీ: 99,000
ఇంజక్షన్లు: 62,000
ముందు పరీక్షలు, స్కానింగులు: 14,000
ఇక్సి: 25,000
మిగిలిన పిండాలను దాచడం: 20,000
మొత్తం: 2,20,000 రూపాయలు

ఇంకో లెక్క బిల్లులో కనిపించదు. పన్నెండు సార్లు పట్నం పోవాలి. బస్సు, తిండి, పోయిన కూలి, ఆగిన ఆటో కలిపి రోజుకు 1,500 రూపాయలు. పన్నెండు రోజులకు 18,000. అంటే ఒక్క విడతకు 2,38,000 రూపాయలు.

ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. ఊరిని బట్టి, ఆసుపత్రిని బట్టి మారతాయి. అడిగే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే. "అన్నీ కలిపి ఎంత? ఈసారి నిలవకపోతే మళ్లీ ఎంత?" ఈ రెండూ రాయించుకోవాలి.

కార్డు ఉంది కదా?

"మనకు కార్డు ఉంది కదా, అయిదు లక్షలు ఇస్తారట" అన్నాడు వెంకటేశు. చాలామంది ఇలాగే అనుకుంటారు.

ఆయుష్మాన్ భారత్ పథకం 2018 సెప్టెంబరు 23న మొదలయింది. ఏడాదికి ఒక కుటుంబానికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు ఇస్తుంది. కానీ అన్ని జబ్బులకూ కాదు. ఏ వైద్యానికి ఇస్తారో ఒక పట్టీ ఉంటుంది. పట్టీలో పేరు ఉంటేనే డబ్బు. పిల్లలు పుట్టడానికి చేసే వైద్యాన్ని ఈ పథకం మినహాయించింది. ఆరోగ్యశ్రీలో కూడా పట్టీ ప్రకారమే వైద్యం. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటారు. "ఈ వైద్యం పట్టీలో ఉందా?" అని ముందే అడగాలి.

డబ్బు కట్టి కొనుక్కునే బీమా సంగతి ఏమిటి? బీమా కంపెనీలపై అజమాయిషీ చేసే సంస్థ 2019లో మినహాయింపుల మాటలు ఒకే రకంగా ఉండాలని చెప్పింది. మినహాయింపు అంటే "దీనికి డబ్బు ఇవ్వం" అని రాసుకోవడం. అందులో 17వ నంబరు సంతానలేమి గురించి. ఐ.యు.ఐ., ఐ.వి.ఎఫ్., ఇక్సి, అద్దె గర్భం అందులోకి వస్తాయి. పిల్లలు కాకుండా చేసిన ఆపరేషన్ను తిప్పి కలపడం కూడా వస్తుంది. చాలా పాలసీల్లో ఈ 17వ నంబరు ఉంటుంది. అది ఉంటే ఆ ఖర్చు రాదు.

కొన్ని పాలసీలు మాత్రం ఈ వైద్యానికి కొంత డబ్బు ఇస్తాయి. వాటికి ప్రీమియం ఎక్కువ. కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి.

1. పాలసీ కొన్న ఎన్నేళ్లకు ఈ వైద్యానికి డబ్బు ఇస్తారు?
2. ఎంత వరకు ఇస్తారు?
3. ఎన్ని విడతలకు ఇస్తారు?
4. ఇంజక్షన్లు, పరీక్షలు కూడా కలుస్తాయా?

ఒక పాలసీ లక్ష రూపాయల వరకే ఇస్తుందనుకుందాం. బిల్లు 2,20,000. అప్పుడు చేతి నుంచి పెట్టాల్సింది 1,20,000.

ఏజెంటు నోటిమాట చెల్లదు. కాగితం మీద ఉన్నదే చెల్లుతుంది. పాలసీ చేతికి వచ్చాక చదివించుకోవాలి. నచ్చకపోతే 30 రోజుల లోపల వెనక్కి ఇవ్వవచ్చు. ఉన్న జబ్బును దాచి పాలసీ తీసుకోకూడదు. "వేరే జబ్బు పేరు రాసి డబ్బు ఇప్పిస్తాం" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకూడదు. అది మోసం. పట్టుబడితే డబ్బు రాదు, కేసు వస్తుంది.

కడుపులో గడ్డ వల్ల నొప్పి, రక్తస్రావం ఉంటే, ఆ ఆపరేషన్కు చాలా పాలసీలు కొంతకాలం ఆగాక డబ్బు ఇస్తాయి. గర్భం నిలిచాక కాన్పు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద సిజేరియన్ కూడా ఉచితమే.

సర్కారు ఆసుపత్రులు

మొదటి పరీక్షలు ఏరియా ఆసుపత్రిలో, జిల్లా ఆసుపత్రిలో అడగాలి. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో సర్కారు సంతాన సాఫల్య కేంద్రాన్ని ప్రారంభించారు. ఇలాంటి చోటికి పోయేముందు ఏయే వైద్యాలు చేస్తున్నారో నర్సమ్మ చేత కనుక్కోవాలి.

చట్టం ఏమంటుంది?

సంతాన కేంద్రాల మీద 2021లో చట్టం వచ్చింది. 2022 జనవరి నుంచి అమలులో ఉంది.

కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పత్రం చూపించమని అడగవచ్చు.
ఆడమనిషికి 21 దాటి 50 లోపు, మగవానికి 21 దాటి 55 లోపు వయసు ఉండాలి.
ఏం చేస్తారో చెప్పి, ఇద్దరి చేతా సంతకం తీసుకోవాలి. అర్థం కాని కాగితం మీద సంతకం చెయ్యకూడదు.
"మగపిల్లాణ్ణి పుట్టిస్తాం" అనడం నేరం.
డబ్బు ఇచ్చి గర్భం అద్దెకు తీసుకోవడం నేరం.

2025 జూలైలో సికింద్రాబాదులో ఒక ప్రైవేటు కేంద్రం మీద పోలీసులు కేసు పెట్టారు. అద్దె గర్భంతో పుట్టిన మీ బిడ్డేనని చెప్పి, వేరేవాళ్ల బిడ్డను ఒక జంట చేతిలో పెట్టారని ఆరోపణ. డి.ఎన్.ఏ. పరీక్షలో సంగతి బయటపడింది. రిజిస్ట్రేషన్ చూడడం ఎంత ముఖ్యమో దీన్ని బట్టి తెలుస్తుంది.

అప్పు లెక్క

రమణమ్మ ఇంట్లో చేతిలో ఉన్నది 38,000. ఒక్క విడతకు కావలసింది 2,38,000. తక్కువ పడింది 2,00,000.

వడ్డీ వ్యాపారి నూటికి నెలకు మూడు రూపాయలు అడిగాడు. నెలకు వడ్డీ 6,000. ఏడాదికి 72,000. అసలు అలాగే ఉంటుంది.
సంఘంలో నూటికి నెలకు రూపాయి. నెలకు వడ్డీ 2,000. ఏడాదికి 24,000.

తేడా 48,000 రూపాయలు. అందుకే రమణమ్మ వ్యాపారి గడప తొక్కలేదు. ముందుగా వెంకటేశు జిల్లా ఆసుపత్రిలో చూపించుకున్నాడు. గుట్కా మానాడు. మందులు వాడుతున్నాడు. ఆ తరువాత కూడా ఐ.వి.ఎఫ్. కావాలంటే ఒక్క విడతే చేయించుకోవాలని, పొలం జోలికి పోకూడదని మొగుడూ పెళ్లాం ముందే మాట అనుకున్నారు. "కాకపోతే బిడ్డను పెంచుకుందాం" అంది రమణమ్మ. దత్తత కూడా చట్ట ప్రకారమే జరగాలి. జిల్లా బాలల సంరక్షణ అధికారిని అడిగితే దారి చెబుతారు. మధ్యవర్తి దగ్గర బిడ్డను కొనడం నేరం.

మోసం జరిగితే

బిల్లులన్నీ దాచుకోవాలి. వినియోగదారుల ఫోను నంబరు 1915. బీమా ఫిర్యాదుకు 155255. ఆయుష్మాన్ కార్డు గురించి 14555. జిల్లా వినియోగదారుల కమిషన్లో కూడా కేసు వేయవచ్చు. మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపయితే కేసు వేయడానికి ఫీజు లేదు.

కొత్త మాటలు

ప్రీమియం: బీమా కోసం కట్టే డబ్బు
మినహాయింపు: బీమా డబ్బు ఇవ్వని సంగతి
షరతు: ఒప్పందంలో పెట్టిన కట్టుబాటు
విడత: ఒకసారి చేసే పూర్తి వైద్యం
దత్తత: చట్ట ప్రకారం బిడ్డను పెంచుకోవడం

చర్చించండి

1. పిల్లలు లేకపోతే మీ ఊళ్లో ఎవరిని అంటారు? ఎందుకు?
2. మొదట ఏ పరీక్ష చేయించాలి? దాన్ని ఎందుకు వాయిదా వేస్తారు?
3. పిల్లలు లేని ఆడమనిషిని సీమంతానికి పిలవకపోవడం సరైనదేనా?
4. మీ ఇంట్లో బీమా కాగితం ఉంటే తెచ్చి చదవండి. 17వ నంబరు ఉందా?

లెక్క చేయండి

బిల్లు 1,80,000. బీమా 75,000 ఇస్తుంది. మిగిలినది సంఘంలో నూటికి నెలకు రూపాయి వడ్డీకి తీసుకుంటే, నెలకు వడ్డీ ఎంత?