వేగులవారు తెచ్చిన వార్త

పాఠ్యభాగములు: సంఖ్యాకాండము 13, 14 అధ్యాయములు, యెహోషువ 2వ అధ్యాయము.
కంఠత చేయవలసిన వాక్యము: సామెతలు 18:13.



వేగులవారు అనగానే మన మనస్సునకు తోచునది మారువేషములు వేసికొని చాటుమాటుగా తిరుగు మనుష్యులు. అట్టివారిని గూర్చిన పాఠము విశ్వాసులకెందుకని కొందరు అడుగవచ్చును. అయితే ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశపు పొలిమేర వరకు వచ్చి, 40 సంవత్సరములు అరణ్యములో తిరుగవలసి వచ్చినది వేగులవారి వార్త మూలముగానే. యెరికోలో ఒక స్త్రీయు ఆమె ఇంటివారును బ్రదికినది వేగులవారిని చేర్చుకొనుట మూలముగానే. ఒక వార్త ప్రజలను చంపగలదు, ఒక వార్త బ్రదికింపగలదు. కాబట్టి వార్తను తెచ్చుట ఎట్లో, వినుట ఎట్లో ఈ నెల మనము నేర్చుకొందము.

1. వేగు పని ఎట్టిది?

ఈ దినములలో పెద్ద దేశములన్నిటికిని గూఢచారి శాఖలు కలవు. మన దేశములో లోపలి సంగతులు కనిపెట్టు ఇంటెలిజెన్స్ బ్యూరో బ్రిటిషువారి కాలములో 1887లో మొదలైనది. 1962లో చైనాతోను, 1965లో పాకిస్తానుతోను యుద్ధములు జరిగిన తరువాత, బయటి దేశముల సంగతులు చూచుటకు 1968లో 'రా' అను వేరొక శాఖను స్థాపించి, రామేశ్వర్ నాథ్ కావ్ గారిని దానికి మొదటి అధిపతిగా నియమించిరి.

ఈ శాఖల పని సినిమాలలో చూపునట్లు తుపాకులు పేల్చుట కాదు. దానిలో ముఖ్యముగా నాలుగు మెట్లున్నవి. మొదటిది, పాలించువారు తమకేమి తెలియవలెనో అడుగుట. రెండవది, సమాచారము పోగుచేయుట. మనుష్యుల వలన వినుట, రేడియో మాటలను పట్టుట, ఆకాశమునుండి ఫోటోలు తీయుట, పరదేశపు పత్రికలను శ్రద్ధగా చదువుట, ఇవన్నియు అందులో చేరును. మూడవది, పోగైన దానిని పరీక్షించుట. నాలుగవది, తేలిన సంగతిని అడిగినవారికి అందజేయుట.

రైతులైన మీకు మూడవ మెట్టు సులభముగా బోధపడును. కోత కోసి కళ్లములో కుప్ప వేసినంత మాత్రమున గింజలు ఇంటికి రావు. నూర్చి, గాలికి తూర్పారబట్టి, తాలును గట్టిగింజను వేరుచేయవలెను. గూఢచారి శాఖలలో వార్తను తెచ్చువాడొకడు, దానిని తూర్పారబట్టువాడు మరియొకడు. ఒకని నోట వచ్చిన మాట వేరొక వైపునుండి రూఢియగువరకు దానిని పూర్తిగా నమ్మకూడదు. ఇది ఆ పనికి మొదటి సూత్రము.

2. పదిమంది తప్పు ఎక్కడ?

మోషే పారాను అరణ్యమునుండి 12 మందిని పంపినప్పుడు ఏమేమి చూచి రావలెనో వివరముగా చెప్పెను. ఆ దేశము మంచిదా చెడ్డదా? జనులు బలముగలవారా, బలహీనులా? కొద్దిమందియా, విస్తారమా? వారి పట్టణములకు కోటలున్నవా? భూమి సారమైనదా? చెట్లున్నవా? అక్కడి పండ్లు కొన్ని తీసికొని రండి. ఇవి ఎంత చక్కని ప్రశ్నలో గమనించుడి. అయితే "మనము అక్కడికి పోగలమా?" అని మాత్రము ఆయన అడుగలేదు. ఆ సంగతి దేవుని వాగ్దానము వలన ముందే తీర్మానమైనది.

వారు 40 దినములు సంచరించి వచ్చిరి. ఎష్కోలు లోయలో కోసిన ద్రాక్షగెలను ఇద్దరు దండెమీద మోసికొని వచ్చిరి. దేశము మంచిదనుటలో 12 మందికిని భేదము లేదు. పట్టణములు గొప్పవనియు, అక్కడ అనాకీయులున్నారనియు అందరును చూచిరి. కాలేబు గూడ ఆ ఉన్నతదేహులు లేరని చెప్పలేదు. కన్నులు చూచినది ఒక్కటే, తూర్పారబట్టుటలోనే తేడా వచ్చినది.

పదిమంది తమ్మును తాము మిడతలతో పోల్చుకొనిరి. అంతటితో ఆగక, ఆ దేశస్థుల కన్నులకు గూడ తాము అట్లే కనబడితిమనిరి. ఈ సంగతి వారికెట్లు తెలిసినది? అనాకీయుల మనస్సులోనికి తొంగిచూచిన వాడెవడు? వారు తమ భయమునే శత్రువుని తలంపుగా ప్రజలకు చెప్పిరి. యెహోషువ కాలమున రాహాబు చెప్పిన మాటలు చూడుడి. యెహోవా ఎఱ్ఱ సముద్రమును ఆరజేసిన సంగతి విని తమ గుండెలు కరగిపోయెనని ఆమె సాక్ష్యమిచ్చెను. అనగా సంగతి తలక్రిందులుగా నుండెను!

పదిమంది వార్త సమాజమంతటి యెదుట పడినది. ఆ రాత్రి పాళెమంతయు ఏడ్చెను. దినమునకు ఒక సంవత్సరము చొప్పున 40 సంవత్సరములు ఆ తరము అరణ్యములో రాలిపోయెను.

3. నిజమైన వార్తకు మూసికొనిన చెవి

తప్పు తెచ్చువానియందే యుండునని తలంపవద్దు. వినువానియందు గూడ ఉండవచ్చును. దీనికి గత శతాబ్దములో జరిగిన ఒక సంగతి చెప్పెదము.

రిచర్డ్ సోర్గె అనువాడు 1895లో బాకు పట్టణ సమీపమున పుట్టెను. తండ్రి జర్మను దేశస్థుడు, తల్లి రష్యా దేశస్థురాలు. అతడు రష్యా సైనిక గూఢచారి శాఖలో చేరి, 1933లో జర్మను పత్రికా విలేఖరి వేషముతో జపాను దేశపు టోక్యో నగరమునకు వెళ్లెను. అక్కడి జర్మను రాయబారి ఓట్ అతనిని మిత్రునిగా నమ్మి రాయబార కార్యాలయపు రహస్యములు అతనితో మాట్లాడుచుండెను. జపాను ప్రధానమంత్రి సలహాదారులతో పరిచయముగల ఓజాకి అను పత్రికా రచయిత అతనికి వార్తలు చేరవేయుచుండెను. క్లౌజెన్ అను సహాయకుడు వాటిని రహస్య లిపిలోనికి మార్చి రేడియో ద్వారా పంపుచుండెను.

1941లో హిట్లరు రష్యామీదికి దండెత్తబోవుచున్నాడని సోర్గె ముందుగానే హెచ్చరిక పంపెను. బెర్లిను నగరములోని రష్యా వేగులవారును అదే చెప్పిరి. బ్రిటిషు ప్రధానమంత్రి చర్చిలు గూడ హెచ్చరించెను. ఇన్ని నోళ్లనుండి ఒక్కటే మాట వచ్చినను స్టాలిను నమ్మలేదు. హిట్లరుతో 1939లో చేసికొనిన ఒడంబడిక ఇంకను నిలుచునని అతని ఆశ. తన్ను యుద్ధములోనికి దింపుటకు బ్రిటిషువారు పన్నాగము పన్నుచున్నారని అతని అనుమానము. 1941 జూను 22న 30 లక్షలకు పైగా సైన్యము సరిహద్దు దాటి వచ్చెను. మొదటి దినముననే రష్యావారి విమానములు వెయ్యికి పైగా నాశనమాయెను. ఆ యుద్ధము ముగియులోగా ఆ దేశప్రజలలో సుమారు 2 కోట్ల 70 లక్షలమంది చనిపోయిరని లెక్క.

సోర్గె 1941 అక్టోబరులో పట్టుబడెను. 1944 నవంబరు 7న జపానువారు అతనిని, ఓజాకిని ఉరితీసిరి. అతడు సేవించిన దేశము అతనికి బహిరంగముగా గౌరవమిచ్చినది 1964లో, 20 సంవత్సరములు గడచిన తరువాత. అతని బ్రదుకును మేము మాదిరిగా చూపుటలేదు. నిజము గుమ్మమునొద్దకు వచ్చి పిలిచినను, ఇష్టములేని చెవి తలుపు తీయదని మాత్రమే చూపుచున్నాము.

4. అబద్ధపు వార్తకు తెరచుకొనిన చెవి

దీనికి ఎదురైన సంగతి మరియొకటి కలదు. 1999లో ఇరాకు దేశస్థుడొకడు జర్మనీకి శరణార్థిగా వచ్చి, తమ దేశములో లారీలలో రోగక్రిముల ఆయుధములు తయారగుచున్నవని చెప్పెను. గూఢచారి శాఖవారు అతనికి 'కర్వ్‌బాల్' అను మారుపేరు పెట్టిరి. జర్మనీవారు అతనిని ప్రశ్నించి వ్రాసిన మాటలు అమెరికాకు చేరెను. యుద్ధమునకు ముందు అమెరికావారు అతనిని ఎదుట కూర్చుండబెట్టి విచారింపలేదు. అయినను 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పవెల్ ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఆ లారీల సంగతి చెప్పెను. మార్చి నెలలో యుద్ధము మొదలాయెను. తరువాత ఎంత వెదకినను ఆ లారీలు దొరకలేదు. తాను అబద్ధమాడితినని ఆ మనుష్యుడే 2011లో ఒప్పుకొనెను.

స్టాలినునకు నిజము ఇష్టములేక నమ్మలేదు. వీరికి అబద్ధము తమ అభిప్రాయమునకు సరిపడుటచేత నమ్మిరి. చెట్లు రెండైనను వేరు ఒక్కటే. వినకముందే మనస్సులో తీర్పు వ్రాసికొనుటయే ఆ వేరు.

5. మా చెవి సంగతి

రాజులను గూర్చి వ్రాసి మమ్మును గూర్చి దాచుట న్యాయము కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేము సేవచేసిన ఒక గ్రామములో సంఘపు స్త్రీలు తెచ్చు పిడికెడు బియ్యమును ఒక విధవరాలు భద్రపరచుచుండెను. ఒక దినమున ఒక పెద్దమనుష్యుడు వచ్చి, "అయ్యగారూ, నిన్న చీకటిపడు వేళ ఆమె గుడిలోనుండి బియ్యపు మూట నెత్తిన పెట్టుకొని ఇంటికి పోవుట కన్నులార చూచితిని" అనెను. ఆయన అబద్ధమాడువాడు కాడు. మేము నమ్మితిమి. ఆమెను పిలిచి అడుగక, వేరొకరిచేత తాళపుచెవి తెప్పించితిమి. మరుసటి ఆదివారమునుండి ఆమె గుడికి రాలేదు.

రెండు నెలల తరువాత ఆమె పొరుగింటి స్త్రీ వలన సంగతి తెలిసెను. వానకు కప్పు కారి బియ్యము తడిసి పురుగుపట్టగా, ఆమె ఇంటికి తీసికొనిపోయి, ఎండబోసి, చేటతో చెరిగి, తగ్గినదానికి తన ఇంటి బియ్యము కలిపి తిరిగి కుండలో పోసినదట. మేము లెక్కపుస్తకము తీసి కుండలోని బియ్యము కొలిచి చూచితిమి. ఒక్క మానికెడైనను తగ్గలేదు. ఆ పుస్తకము మొదటినుండి మా బల్లమీదనే యుండెను.

పెద్దమనుష్యుడు చూచినది నిజమే. దానిని తూర్పారబట్టవలసినవారము మేము. మేమా పని చేయలేదు. మేము ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగినప్పుడు ఆమె, "అయ్యగారూ, ఒక్కమాట నన్నడిగియుంటే చాలును గదా" అనెను. ఆమె మమ్మును క్షమించి గుడికి వచ్చెను. కాని ఆ తాళపుచెవిని మరల పట్టుకొనలేదు.

6. దేవుని మాదిరి

నిజము నిలకడమీద తెలియునని మన పెద్దలు అందురు. ఆ నిలకడకు ధర్మశాస్త్రమే కట్టుబాటు చేసినది. ఒక్కని సాక్ష్యముమీద ఎవనికిని నేరము మోపకూడదని ద్వితీయోపదేశకాండము 19:15 బోధించుచున్నది. మనుష్యుని మాట వినక తీర్పు తీర్చవచ్చునా అని నీకొదేము పెద్దల సభలో అడిగెను (యోహాను 7:51). సహోదరుడు తప్పు చేసినయెడల మొదట అతనితో ఒంటరిగా మాట్లాడుమని మన ప్రభువు నేర్పెను (మత్తయి 18:15). నూతిగట్టుమీద ముందు చెప్పుమనలేదు.

అన్నిటికంటె ఆశ్చర్యమైనది ఆదికాండము 18:21. సొదొమను గూర్చిన మొర తన యొద్దకు వచ్చినప్పుడు, అది నిజమో కాదో తాను దిగిపోయి చూచి తెలిసికొందునని దేవుడు సెలవిచ్చెను. సర్వము ఎరిగినవాడే దిగి చూచెదననగా, ఏమియు ఎరుగని మనము అరుగుమీద కూర్చుండి తీర్పు చెప్పవచ్చునా?

రాహాబు సంగతి గూడ మరువవద్దు. ఆమె ఆ ఇద్దరిని మిద్దెమీద జనుపకట్టెలో దాచెను. వారు తొగరు దారమును ఆనవాలుగా పెట్టి ఆమెకు ప్రమాణము చేసిరి. పట్టణము పడినప్పుడు, యెహోషువ ఆ ఇద్దరినే పంపి ఆమెను, ఆమె ఇంటివారిని బయటికి రప్పించెను. వార్తతో పని తీరినది గదా అని ఆమెను విడిచిపెట్టలేదు. మనలను నమ్మి మాట చెప్పినవారిని కాపాడుటయు మన విధియే.

ఇకమీదట ఎవరినిగూర్చియైనను ఒక మాట మన చెవిని పడినప్పుడు, మూడు ప్రశ్నలు వేసికొందము. చెప్పినవారు కన్నులార చూచినదెంత, ఊహించినదెంత? రెండవ సాక్షి యున్నాడా? ఈ మాటను నమ్ముటకు, లేక నమ్మకుండుటకు, నా మనస్సు ముందే సిద్ధపడియున్నదా? మూడవ ప్రశ్న కష్టమైనది. అది మన హృదయమును గూర్చినది.

ఈ పాఠము చదివిన తరువాత, విచారింపకయే ఎవరిమీదనైనను తీర్పు వేసితిమని మీకు జ్ఞాపకము వచ్చినయెడల, వచ్చే ఆదివారము ప్రభువు బల్లకు రాకముందే వారి ఇంటికి వెళ్లుడి. రెండు నెలలు ఆగవద్దు.

ప్రార్థన: సత్యస్వరూపివైన దేవా, చూచినదే చెప్పు నాలుకను, తొందరపడని చెవిని మాకు దయచేయుము. మా భయమును, మా ఇష్టమును నిజమని ఎంచి నీ బిడ్డలను గాయపరచిన మమ్మును క్షమించుము. మా ప్రభువైన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.