సహనం వేరు, సహించమని చెప్పడం వేరు

సహనం గొప్ప సుగుణం. అందులో సందేహం లేదు. అయితే అన్యాయానికి గురైనవాడు ఓర్చుకోవడం ఒకటి. ఆ అన్యాయాన్ని ఆపగలిగే అధికారం ఉండి కూడా "ఇంకాస్త ఓపిక పట్టండి" అని అతనికి హితవు చెప్పడం మరొకటి. ఈ తేడా ఏమిటో అమెరికా నల్లజాతి క్రీడాకారుడు జాకీ రాబిన్సన్ (1919-1972) రాసిన ఉత్తరాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

సైనికుడిగా రాసిన ఉత్తరం

1944 జూలైలో రాబిన్సన్ టెక్సాస్‌లోని క్యాంప్ హుడ్‌లో సైనికాధికారి. సైనిక బస్సులో వెనక సీటుకు వెళ్ళమని డ్రైవరు ఆజ్ఞాపించాడు. ఆయన కదలలేదు. విషయం సైనిక న్యాయస్థానం దాకా వెళ్ళింది. జూలై 16న ఆయన యుద్ధ శాఖలోని నల్లజాతి అధికారి ట్రూమన్ గిబ్సన్‌కు ఉత్తరం రాశారు. జరిగిందంతా వివరించి సలహా అడిగారు. తనకు గానీ సైన్యానికి గానీ చెడ్డపేరు రావడం ఇష్టం లేదనీ, న్యాయం మాత్రం జరగాలనీ అందులో తెలియజేశారు. ఆగస్టు 2న ఆయన నిర్దోషిగా విడుదలయ్యారు.

ఇష్టపడి స్వీకరించిన ఓర్పు

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున మైదానంలో దిగి, ఆధునిక మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో తొలి నల్లజాతి ఆటగాడయ్యారు. తిట్లకు తిట్టుతో జవాబివ్వనని జట్టు అధినేత బ్రాంచ్ రికీకి ముందే మాట ఇచ్చారు. దూషణలు, బెదిరింపు లేఖలు వచ్చినా ఆ మాట నిలబెట్టుకున్నారు. తన వెనక వచ్చేవారికి తలుపు తెరుచుకోవాలన్న లక్ష్యంతో పట్టిన ఓర్పు అది.

అధ్యక్షుడికి రాసిన ఉత్తరం

1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను గవర్నర్ ఫాబస్ బడిలోకి రానివ్వలేదు. మరుసటి ఏడాది మే 12న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నల్లజాతి నాయకుల సభలో సహనం గురించి ఉద్బోధించారు. శ్రోతల్లో రాబిన్సన్ ఉన్నారు. మర్నాడే ఉత్తరం రాశారు. తమంత సహనం చూపిన ప్రజలు లేరనీ, ఇలాంటి హితబోధ ఫాబస్ వంటివారికే ధైర్యం ఇస్తుందనీ మర్యాద తప్పకుండా, సూటిగా చెప్పారు. ఓర్పుకు ప్రతీకగా నిలిచిన మనిషే ఈ మాట అన్నారు కనుక, దాన్ని తొందరపాటని ఎవరూ కొట్టిపారేయలేరు.

1960 ఎన్నికల్లో ఆయన కెనడీని గట్టిగా వ్యతిరేకించారు. 1961 ఫిబ్రవరి 9న అదే కెనడీకి ఉత్తరం రాస్తూ, ఆరంభం బాగుందని మెచ్చుకున్నారు. తన భయాలు తప్పని తేలితే సంతోషిస్తానన్నారు.

గ్రహించవలసిన విషయాలు

1. ఓర్పుకు ఒక లక్ష్యం ఉండాలి. లక్ష్యం లేని మౌనం అన్యాయానికి అండ అవుతుంది.
2. ఫిర్యాదు చేసేటప్పుడు జరిగింది జరిగినట్లు చెప్పాలి. వినవలసిన వ్యక్తికే చెప్పాలి.
3. ప్రత్యర్థిలో మంచి కనిపిస్తే ఒప్పుకోవాలి. అప్పుడే మన విమర్శకు విలువ.

ఇంటిల్లిపాదీ చర్చించుకోండి

బడిలో అవమానపడి వచ్చిన బిడ్డకు "పట్టించుకోకు" అని చెప్పి ఊరుకుంటున్నామా? మన మాటల్లో ఎవరినైనా ఒంటి రంగును బట్టి చిన్నబుచ్చుతున్నామా? మన చేతిలో ఉన్న న్యాయం చేయకుండా ఎదుటివారికి ఓర్పు బోధిస్తున్నామా? ఆలోచించండి.