ఏకాంతసేవలో దాతల ముద్ర

తిరుమల శ్రీవారి ఆలయంలో రాత్రివేళ చివరగా జరిగేది ఏకాంతసేవ. భోగశ్రీనివాసమూర్తిని శయ్యపై పవళింపజేస్తారు. తాళ్ళపాక వంశీయులు లాలి పాడుతారు. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాలహారతి ఇస్తారు. ‘తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి’ అన్న నానుడి అందుకే ఏర్పడింది.

ఈ సేవలోని మూడింటినీ గమనించండి. ఆ వెండిమూర్తి వేయి సంవత్సరాలకు పూర్వం పల్లవరాణి సామవై సమర్పించినది. లాలి సంకీర్తనాచార్యుల కానుక. హారతి, బాల్యంలోనే భర్తను కోల్పోయి, ఏ అధికారమూ లేక కొండను ఆశ్రయించిన ఒక కవయిత్రిది. ముగ్గురిలో ఎవరి చేతిలోనూ ఆలయ నిర్వహణ లేదు. అయినా ఈనాటి శ్రీవారి నిత్యకైంకర్యాన్ని వారిని విడిచి ఊహించలేము.

నిర్వహించినవారు మాత్రం మారుతూనే వచ్చారు. 1843లో ఈస్టిండియా కంపెనీ ఆలయ బాధ్యతను హాథీరాంజీ మఠ మహంతులకు అప్పగించింది. 1933లో అది దేవస్థాన కమిటీకి సంక్రమించింది. ధర్మసంస్థకు చట్టం ఆకృతిని ఇస్తుంది. స్వభావాన్ని ఇచ్చేది మాత్రం సమర్పించేవారూ, దర్శనానికి వచ్చేవారూ. ముండనం చేయించుకున్నవారిని చూడగానే ‘తిరుపతి వెళ్ళివచ్చారా?’ అని అడుగుతాము. ఆ గుర్తింపును కొండకు తెచ్చిపెట్టినది పేరు తెలియని యాత్రికుల మొక్కులే.

కనుక దాత ఏమి కోరి ఇస్తున్నాడన్నది చిన్న విషయం కాదు. అందరూ తోరణాలకూ శిలాఫలకాలకూ మాత్రమే ఇస్తే ఆలయం క్రమంగా తోరణాల ఆలయంగానే మిగులుతుంది. వంటశాలకూ మరుగుదొడ్లకూ ఎవరూ ముందుకు రారు. గది కట్టించి, దాని విద్యుత్తు బిల్లు సంగతి మరచే దాతలు ప్రతి క్షేత్రానికీ పరిచితులే! వచ్చిన ప్రతి కానుకకూ తలయూపే ధర్మకర్తలదీ ఇందులో సగం దోషం.

సామవై ఆ పొరపాటు చేయలేదు. మూర్తితోపాటు ఆభరణాలనూ, ఉత్సవాల వ్యయానికి భూములనూ సమర్పించి, ఆ వివరాన్ని శాసనంగా చెక్కించింది. 1985లో తిరుమలలో ఆరంభమైన నిత్యాన్నదానం కూడా ఇంచుమించు ఆ పద్ధతిలోనే సాగుతున్నది: దాతల విరాళాలు బ్యాంకులలో మూలధనంగా నిలిచి ఉంటాయి, వాటిపై వచ్చే వడ్డీ యాత్రికుల విస్తళ్ళలో అన్నమవుతుంది. అక్కడి అన్నప్రసాద భవనానికి పెట్టినది వెంగమాంబ పేరే.