పేరుకు వెల

పాఠ్యభాగ ఉద్దేశం

వ్యాపార సంస్థలు ప్రకటనలకు, క్రీడలకు ధనం ఎందుకు వెచ్చిస్తాయో, ఆ ధనానికి ప్రతిఫలంగా ఏమి పొందుతాయో విద్యార్థులకు తెలియజేయడం, ప్రకటనను వివేకంతో పరిశీలించే అలవాటును పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ వరి పండే సీమకు కూడలి. మంజీర నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీరు ఈ ప్రాంతపు పొలాలను తడుపుతుంది. ఇటువంటి పట్టణాలలో ఒకప్పుడు అంగడికి వేరే ప్రకటన అవసరం ఉండేది కాదు. తూకం సరిగా ఉన్నదా, సరకు మంచిదేనా, పంట చేతికి వచ్చేదాకా ఉద్దెర ఇస్తాడా అన్న మూడు విషయాలే దుకాణదారుని పేరును నిలిపేవి. ఆ పేరు ఒకరి నోట మరొకరికి చేరేది. దాన్ని సంపాదించడానికి ఏళ్లు పట్టేవి, పోగొట్టుకోవడానికి ఒక్క తప్పుడు తూకం చాలు.

నేడు అదే పట్టణంలోని విద్యార్థి చేతిలోని సెల్‌ఫోనులో క్రికెట్ పోటీ చూస్తాడు. ఆట ముగిసేలోగా పది సంస్థల పేర్లు అతని కంటబడతాయి. వాటిలో కొన్నింటి దుకాణాలలో అతడు ఎన్నడూ అడుగు పెట్టి ఉండడు. అయినా ఆ పేర్లు అతనికి చిరపరిచితాలు. ఈ పరిచయం ఎలా కలిగింది? దీనికి వెల చెల్లించినవారు ఎవరు? ఆ వెల చెల్లించి వారు కొన్నది ఏమిటి?

వేడుకతో వర్తకుని పేరు ముడిపడటం తెలుగునాట కొత్త విషయం కాదు. 14వ శతాబ్ది చివర కొండవీటిని పాలించిన కుమారగిరిరెడ్డి ఏటేటా వసంతోత్సవాలు జరిపించి ‘కర్పూర వసంతరాయలు’ అని ప్రసిద్ధి పొందాడు. ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధద్రవ్యాలను సముద్రాల ఆవలి నుండి తెప్పించి సమకూర్చిన వర్తకులు అవచి వంశీయులు. ఆ వంశానికి చెందిన అవచి తిప్పయ్యశెట్టికే శ్రీనాథ మహాకవి ‘హరవిలాసం’ కావ్యాన్ని అంకితమిచ్చాడు. ఆ వర్తకుని నౌకలు, సరకులు కాలగర్భంలో కలిసిపోయాయి. కావ్యం నిలిచింది కనుక కృతిభర్త పేరూ నిలిచింది. ధనం ఇచ్చేవారికి కీర్తి, కళాకారునికి జీవిక లభించే ఈ ఏర్పాటు మన సాహిత్యానికి ఎంతో మేలు చేసింది.

నేటి ప్రాయోజకత్వం, అనగా వాడుకలో స్పాన్సర్‌షిప్ అని పిలిచేది, పైకి ఆ పాత ఏర్పాటు లాగానే కనిపిస్తుంది. కాని రెంటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. కృతిభర్త కోరినది కీర్తి. నేటి సంస్థ కోరేది అమ్మకం. ఈ భేదాన్ని గ్రహించడానికి దేశమంతటా దుకాణాలు నెలకొల్పిన ఒక సంస్థ చరిత్రను పరిశీలించవచ్చు.

బిగ్ బజార్ 2001లో కోల్‌కతా, హైదరాబాదు, బెంగుళూరు నగరాలలో తన తొలి దుకాణాలను ప్రారంభించింది. దీని స్థాపకుడు కిశోర్ బియానీ. ఇంతకన్నా చవకగా, ఇంతకన్నా మేలుగా మరెక్కడా దొరకదన్న భావంతో ఉన్న హిందీ నినాదం ఆ సంస్థకు గుర్తింపు తెచ్చింది. సరకులను అద్దాల వెనుక దాచక సంతలోవలె గుట్టలుగా పోయడం, పాత బట్టలు, పాత కాగితాలు తెచ్చిన వారికి కొనుగోలు కూపన్లు ఇవ్వడం, వారంలో బుధవారాన్ని చవక ధరల రోజుగా ప్రకటించడం వంటి పద్ధతులను అది అనుసరించింది. మధ్యతరగతి గృహిణి మనసెరిగి చేసిన ప్రచారం అది. 2006 జనవరి 26న ‘అన్నిటికన్నా చవకైన రోజు’ అన్న అర్థమిచ్చే పేరుతో ప్రత్యేక అమ్మకాలు ప్రకటించగా జనం దుకాణాల ముందు బారులు తీరారు. కొన్నిచోట్ల రద్దీని అదుపు చేయడానికి పోలీసులు రావలసి వచ్చింది. ఒక సెలవుదినాన్ని కొనుగోలు దినంగా మార్చగల శక్తి ప్రకటనకు ఉన్నదని ఆ రోజు రుజువైంది.

బిగ్ బజార్ మాతృసంస్థ అయిన ఫ్యూచర్ గ్రూప్ ఐపీఎల్ క్రికెట్ ప్రాయోజకులలో ఒకటిగానూ ఉండేది. ప్రాయోజకత్వం పనిచేసే తీరు సాధారణ ప్రకటన కన్నా సూక్ష్మమైనది. ప్రకటన వచ్చినప్పుడు ప్రేక్షకుడు చూపు తిప్పుకోవచ్చు. ఆటలోనే కలిసిపోయిన పేరును చూడకుండా ఉండలేడు. సరిహద్దు తాడుపై, అంపైరు చొక్కాపై, ఆటగాడి ఛాతీపై ఆ పేరు ఉంటుంది. అభిమాన క్రీడాకారుడు శతకం చేసినప్పుడు కలిగే ఆనందం ఆ పేరుకు కూడా కొంత అంటుకుంటుంది. సంస్థ ధనమిచ్చి కొనేది ఈ అంటుకోవడాన్నే. దీనిని బట్టి ఒక సత్యం తెలుస్తుంది. ఇక్కడ అమ్ముడయ్యే సరకు ఆట కాదు. ప్రేక్షకుని చూపు. చూసేవారి సంఖ్య పెరిగిన కొద్దీ వెల పెరుగుతుంది. తాను ఉచితంగా ఆట చూస్తున్నానని భావించే ప్రేక్షకుడు నిజానికి తన దృష్టిని మూల్యంగా చెల్లిస్తున్నాడు.

అయితే కొన్న చూపు వేరు, సంపాదించిన నిలకడ వేరు. ఫ్యూచర్ గ్రూప్ 2020లో ఐపీఎల్ ప్రాయోజకత్వం నుండి తప్పుకొంది. అప్పటికే పెరిగిన అప్పులకు కరోనా కాలపు మూసివేతలు తోడయ్యాయి. వ్యాపారాన్ని రిలయన్స్‌కు అమ్మాలన్న ప్రయత్నం అమెజాన్‌తో వివాదంలో చిక్కుకొని 2022లో విఫలమైంది. అద్దెలు చెల్లించలేని దుకాణాలు అనేకం రిలయన్స్ చేతికి పోయాయి. అదే సంవత్సరం జూలైలో ఫ్యూచర్ రిటైల్‌పై దివాలా ప్రక్రియ మొదలైంది. రెండు దశాబ్దాలు దేశమంతటా మారుమ్రోగిన పేరు దుకాణాల నొసటి నుండి తొలగిపోయింది. ప్రకటనల వల్ల ఆ సంస్థ పతనమైందని చెప్పడం న్యాయం కాదు. ఎంత గొప్ప ప్రకటనయినా అప్పుల భారం నుండి కాపాడలేదని మాత్రం గ్రహించాలి.

భారత క్రికెట్ జట్టు చొక్కా కూడా ఇదే పాఠం చెబుతుంది. దానిపై ఒకప్పుడు సిగరెట్ల పేరైన ‘విల్స్’ ఉండేది. 2001లో ఆ సంస్థ క్రీడల నుండి తప్పుకొంది. పొగాకు ఉత్పత్తుల ప్రాయోజకత్వాన్ని 2003 నాటి చట్టం నిషేధించింది. 2025 ఆగస్టులో డబ్బు పందెంతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం రాగా, అప్పటి ప్రాయోజకుడు డ్రీమ్11 వైదొలగింది. ఆ సెప్టెంబరులో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టు ఏ సంస్థ పేరూ లేని చొక్కాతోనే ఆడి విజేతగా నిలిచింది. ధనమిచ్చేవారు మారినా ఆట ఆగలేదు. క్రీడాకారుని ఛాతీపై ఉన్నంత మాత్రాన ఒక సరకు మేలైనదవుతుందని భావించరాదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

చూపు ఎక్కడ ఉంటే ధనం అక్కడికే ప్రవహిస్తుంది. ఇది ప్రాయోజకత్వంలోని పెద్ద లోపం. బాన్సువాడకు పొరుగున ఉన్న నిజామాబాదులో పుట్టిన నిఖత్ జరీన్ ఇందుకు ఉదాహరణ. 2011లోనే ఆమె జూనియర్ ప్రపంచ బాక్సింగ్ విజేత అయింది. ఆనాడు ఆమె పేరు తెలిసినవారు కొద్దిమంది. భుజం గాయాన్ని అధిగమించి 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేతగా నిలిచిన తరువాత దేశం ఆమెను గుర్తించింది. తెలంగాణ ప్రభుత్వం 2 కోట్ల రూపాయల బహుమతి అందించింది. 2023లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలకు మహీంద్రా సంస్థ ప్రాయోజకుడు కాగా, మరల స్వర్ణం సాధించిన ఆమెకు ఆ సంస్థ వాహనాన్ని బహూకరించింది. ఆ గౌరవం ఆమెకు తగినదే. కాని 2011కు, 2022కు నడుమ గడిచిన పదకొండేళ్లలోనే క్రీడాకారులకు ఆసరా ఎక్కువ అవసరం. గెలిచిన చేతికి పూలహారం వేసేవారు అనేకులు. గెలవడానికి ముందు ఆ చేతికి తొడుగు కొనిచ్చేవారు అరుదు.

ఈ దృష్టితో చూసినప్పుడు పల్లెలలో జరిగే కబడ్డీ పోటీకి కప్పు, మధ్యాహ్న భోజనం సమకూర్చే ఊరి దుకాణదారుని దానం చిన్నదిగా తోచదు. అతని పేరు ఒక గుడ్డ బ్యానరుపై రెండు రోజులు ఉండి పోతుంది. కాని ఆ ఆటగాళ్లు అతనికి తెలిసిన పిల్లలు. ఎవరూ చూడని దశలో చేసిన సహాయమే క్రీడను మొలకెత్తిస్తుంది.

ప్రకటనలన్నీ అసత్యాలని గాని, ప్రాయోజకులందరూ స్వార్థపరులని గాని భావించడం వివేకం కాదు. ప్రకటన కొత్త వస్తువును పరిచయం చేస్తుంది, ధరలలో పోటీని పెంచుతుంది. ప్రాయోజకత్వం వేలాది క్రీడాకారులకు జీవనాధారం. అయితే హద్దు మీరిన ప్రకటనకు చట్టం శిక్ష విధిస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఉత్పత్తిదారునికే గాక, తగిన జాగ్రత్త వహించక దానిని సమర్థించిన ప్రముఖునికి కూడా 10 లక్షల రూపాయల వరకు, తప్పు పునరావృతమైతే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. మోసపోయిన వినియోగదారుడు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ సహాయ కేంద్రానికి ఫిర్యాదు తెలుపవచ్చు.

చట్టం కన్నా ముందు నిలిచే రక్షణ కొనేవాని వివేకమే. ఆటను ఆటగా ఆనందించాలి. అంగట్లో అడుగు పెట్టినప్పుడు మాత్రం చొక్కా మీది పేరును కాక, పొట్లం మీది బరువును, ధరను, తేదీని చదవాలి. నాటి బాన్సువాడ రైతు దుకాణదారుని అడిగిన ప్రశ్నలు నేటికీ పాతబడలేదు. తూకం సరిగా ఉన్నదా? సరకు మంచిదేనా? ఇచ్చిన మాట నిలుస్తుందా? వీటికి సమాధానం ప్రకటనలో దొరకదు.

అర్థాలు

కూడలి = నాలుగు దారులు కలిసే చోటు
ఉద్దెర = అప్పుగా సరకు ఇవ్వడం
కృతిభర్త = కావ్యాన్ని అంకితం పొందినవాడు
జీవిక = బతుకుతెరువు
మూల్యం = వెల
పునరావృతం = మళ్లీ జరగడం

ప్రశ్నలు

1. కావ్యాన్ని అంకితం పొందిన వర్తకునికి, నేటి ప్రాయోజకునికి గల భేదాన్ని వివరించండి.
2. ‘ఇక్కడ అమ్ముడయ్యే సరకు ఆట కాదు. ప్రేక్షకుని చూపు.’ ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
3. బిగ్ బజార్ ప్రచార పద్ధతులను, ఆ సంస్థ పతనానికి కారణాలను తెలపండి.
4. నిఖత్ జరీన్ ఉదాహరణ ద్వారా ప్రాయోజకత్వంలోని ఏ లోపం వెల్లడి అవుతున్నది?
5. మీ ఊరి క్రీడాపోటీలకు సహాయం చేసేవారిని గురించి పది వాక్యాలలో వ్రాయండి.