సభ్యుల లెక్కపత్రములను కంప్యూటరుచే అచ్చువేయు విధము

సంఘమునుండి తీసికొనిన అప్పెంత, చెల్లించినదెంత, నిలువ యెంత యను మూడు అంకెలు ప్రతి సభ్యునకును అచ్చు కాగితముపై అందవలయును. వందలకొలది పత్రములను చేతితో ఎత్తివ్రాయుచో ఒక సున్న జారినను ఒక కుటుంబమునకు నష్టము గలుగును. కంప్యూటరు గల సంఘములు ఈ పనిని మూడు మెట్లుగా జరుపుకొనవచ్చును.

మొదటిది చిట్టా. సభ్యుని సంఖ్య, తేది, అప్పు, చెల్లింపు అను అంశములతో ఒక్కొక్క పద్దును ఒక్కొక్క పంక్తిగా సాదా ఫైలులో వ్రాయవలెను. అంశముల నడుమ కామా నుంచుదురు. కావున అప్పును 40,000 అని వ్రాసినచో అది 40 గాను, 000 గాను రెండు ముక్కలై, తరువాతి అంకెలన్నియు స్థానము తప్పును. చిట్టాలో 40000 అనియే వ్రాయుడు.

రెండవది స్క్రిప్టు, అనగా కంప్యూటరునకు వ్రాసియిచ్చు ఆజ్ఞల పట్టిక. అమెరికాలోని బెల్ లాబ్స్‌లో 1977లో పుట్టిన ఆక్ అను సాధనము ఫైలును పంక్తి వెంట పంక్తిగా చదివి, సభ్యుల వారీగా కూడి, నిలువ తేల్చును.

మూడవది అచ్చుకూర్పు. డోనాల్డ్ క్నూత్ 1978లో వెలువరించిన టెక్, దానిపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లాటెక్ అను సాధనములు వరుసలను, గీతలను, పుటలను చక్కగా అమర్చును. తెలుగు లిపికి 2004లో వచ్చిన జీటెక్ అనుకూలమైనది. ఇచట ఒక జాగ్రత్త వలయును. లాటెక్ % గుర్తును చూచినంతనే ఆ పంక్తిలో మిగిలిన భాగమును విడిచిపెట్టును. వడ్డీని 7% అని పంపినచో దాని ప్రక్కనున్న నిలువ అచ్చుకాదు. అందుచే ఆ గుర్తునకు ముందు \ అను వాలుగీతను చేర్చునట్లు స్క్రిప్టులో వ్రాయవలెను.

యంత్రము కూడికలో పొరబడదు; కాని చిట్టాలో తప్పు పద్దు పడినచో ఆ తప్పునే అందముగా అచ్చువేయును. కావున పత్రములలోని నిలువలన్నిటిని కూడి, సంఘపు మొత్తము బాకీతో కార్యదర్శి సరిచూడవలెను. సభ్యుడు తన రసీదులతో సరిచూచుకొనవలెను. తేడా కనబడినచో పత్రముపై కలముతో దిద్దరాదు. చిట్టాలో దిద్ది మరల అచ్చువేయవలెను. లేకున్న అదే తప్పు మరుసటి పత్రములోను వచ్చును.

అచ్చయినదని నమ్మి మడిచి పెట్టకుడు. చదివి, సరిచూచిన పిదపనే దాచుకొనుడు.