ఒక్క ప్రాణం - ఏడాది లెక్క

చదువు పూర్తయి, ఉద్యోగం దొరికి, ఇంకా పెళ్ళికాని యువతీయువకులు మనలో ఎందరో ఉన్నారు. “నాకేం, ఒక్క ప్రాణం. లెక్కలన్నీ సంసారం వచ్చాక చూసుకుందాం” అనుకుంటారు. కాని నెలాఖరు రాకముందే చేబదులు కోసం స్నేహితుల వైపు చూసేది కూడా తరచుగా ఈ ఒక్క ప్రాణమే.

రేపటి కోసం దాచుకోవడం తవక్కుల్‌కు (అల్లాహ్‌పై భరోసాకు) విరుద్ధం కాదా అని కొందరు అడుగుతారు. కానే కాదు. బనూ నజీర్ తోటల రాబడి నుండి దైవప్రవక్త (స) తమ ఇంటివారి కోసం ఏడాదికి సరిపడే ఆహారాన్ని కేటాయించేవారని హజ్రత్ ఉమర్ (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది. హజ్రత్ యూసుఫ్ (అ) ఏడు సమృద్ధి సంవత్సరాల పంటను తర్వాతి ఏడు కరవు సంవత్సరాల కోసం నిలవ చేయించిన వృత్తాంతాన్ని దివ్య ఖుర్ఆన్‌లో చదువుతాం. అల్లాహ్‌పై వారికంటే ఎక్కువ భరోసా మనకుందా? ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్ దుబారాకూ పిసినారితనానికీ నడుమనున్న మార్గాన్ని మనకు నేర్పుతుంది. బడ్జెట్ అంటే ఆ మధ్యేమార్గాన్ని కాగితం మీద రాసుకోవడమే.

నెల లెక్క చాలదా?

చాలదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే ఖర్చులు నెల లెక్కలో కనిపించవు. రంజాన్, పండుగ బట్టలు, ఊరి ప్రయాణాలు, బండి రిపేరు - వచ్చినప్పుడు వీటిని ‘అనుకోని ఖర్చు’ అంటాం. పండుగ వస్తుందని మనకు ముందే తెలియదా?

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాదులో అద్దె గదిలో ఉంటూ నెలకు 25,000 రూపాయలు సంపాదించే యువకుడి ఏడాది ఆదాయం 3,00,000. గది అద్దె 6,000, భోజనం 6,000, రాకపోకలు, ఫోను, కరెంటు 2,000, అమ్మానాన్నలకు 4,000 - నెలకు 18,000, ఏడాదికి 2,16,000. మిగిలేది 84,000. దానిని ఇలా పంచుకోవచ్చు:

1. రంజాన్, పండుగ, ప్రయాణాలు, బండి, వైద్యం - 30,000
2. ఆపద నిధి - 24,000
3. పెళ్ళి పొదుపు - 24,000
4. జకాత్, దానధర్మాలు - 6,000

పన్నెండుతో భాగిస్తే వరుసగా 2,500, 2,000, 2,000, 500 రూపాయలు. జీతం చేతికి రాగానే ఈ 7,000 పక్కన పెట్టి, మిగిలిన దానితో నెల గడపాలి. ఖర్చయ్యాక మిగిలింది దాద్దామంటే సాధారణంగా ఏమీ మిగలదు.

ఆపద నిధిని మూడు నెలల ఖర్చు, అంటే 54,000 అయ్యేవరకు పెంచాలి. ఈ లెక్కన రెండేళ్ళ మూడు నెలలు పడుతుంది. ఈ నిధి లేనివాడు ఉద్యోగం పోయిన రోజున, జబ్బు పడిన రోజున వడ్డీ గుమ్మం తొక్కుతాడు. హరామ్ అని తెలిసీ అందులో చిక్కుకుంటాడు.

జకాత్ తేదీ మరవకండి

మన జీతం ఆంగ్ల నెలల ప్రకారం వస్తుంది. జకాత్ మాత్రం చాంద్రమాన సంవత్సరం ప్రకారం విధి అవుతుంది. చాంద్రమాన ఏడాది సుమారు 354 రోజులే కనుక ఈ తేదీ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు వస్తుంది. 2030లోనైతే రంజాన్ రెండుసార్లు ఆరంభమవుతుంది - జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి. కాబట్టి మన జకాత్ తేదీని ప్రతి ఏడాది బడ్జెట్‌లో కొత్తగా రాసుకోవాలి. వెండి నిసాబ్ సుమారు 612 గ్రాములు, బంగారం నిసాబ్ సుమారు 87 గ్రాములు. ఆ రోజు ధర కనుక్కొని చూసుకోవాలి. నిసాబ్ దాటితే లక్షకు 2,500 రూపాయలు. పెళ్ళికని దాచిన సొమ్ముకూ ఇదే లెక్క. హనఫీ విద్వాంసుల ప్రకారం సోదరీమణుల ఒంటిమీది బంగారానికీ జకాత్ ఉంది.

పెళ్ళి పొదుపు ఎందుకు?

మహర్ వరుడు చెల్లించవలసిన హక్కు. వలీమా ఇవ్వవలసింది కూడా అతనే. ఏళ్ళ తరబడి సంపాదించి కూడా చేతిలో ఏమీ లేనివాడి చూపు చివరకు జోడే కీ రఖం వైపు, అమ్మాయి తండ్రి జేబు వైపు మళ్ళుతుంది. మన దుబారాకు మరో ఇంటి తండ్రి అప్పులపాలు కావాలా? నెలకు 2,000 చొప్పున నాలుగేళ్ళు దాస్తే 96,000 అవుతుంది. నిరాడంబరంగా నికాహ్ చేసుకొని, తలెత్తుకొని మహర్ ఇవ్వడానికి ఇది తక్కువేమీ కాదు.

ఒక నోటు పుస్తకం చాలు. రోజూ ఇషా తర్వాత ఆనాటి ఖర్చు రాద్దాం. నెలాఖరున అనుకున్నదెంత, అయిందెంత అని పోల్చి చూద్దాం. సంపద ఎలా ఆర్జించావు, ఎందులో ఖర్చు చేశావు అని ప్రళయ దినాన ప్రతి ఒక్కరినీ అడగడం జరుగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పెళ్ళికానివారికి ఇందులో మినహాయింపు లేదు. ఆ లెక్క అప్పగించేలోపు మన లెక్క మనమే చూసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.