పరాయి దేశంలో భోజనం: అడిగి తెలుసుకుని తిందాం

ఉద్యోగం కోసమో, పిల్లలను చూసి రావడానికో మన కుటుంబాలవారు ఎందరో సింగపూర్ వెళుతుంటారు. అక్కడ కొందరు బిర్యానీ దొరికే హోటలు కోసమే వెతుకుతారు. అది దొరక్కపోతే బ్రెడ్డు, పండ్లతో సరిపెట్టుకుంటారు. మరికొందరు "పంది మాంసం లేదుగా, చాలు" అనుకుని ఎక్కడపడితే అక్కడ తినేస్తారు. ఈ రెండు పద్ధతులూ సరికావు. ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఆహారం తినమని దివ్య ఖుర్‌ఆన్ (2:168) మానవులందరినీ ఆదేశిస్తోంది. ఇందులో అనుమతీ ఉంది, హద్దూ ఉంది.

బోర్డు ఏం చెబుతోంది?

సింగపూర్‌లోని హాకర్ సెంటర్లలో ఒకే కప్పు కింద చైనీయుల, మలయుల, భారతీయుల దుకాణాలుంటాయి. కొన్నింటిపై "పంది మాంసం లేదు, పంది కొవ్వు లేదు" అనే బోర్డు కనిపిస్తుంది. అది హలాల్ బోర్డు కాదు! కోడిని ఎవరు, ఎలా జబహ్ చేశారో, వంటలో మద్యం కలిపారో లేదో ఆ బోర్డు చెప్పదు. అక్కడ హలాల్ ధృవీకరణ ఇచ్చేది 'ముయిస్' అనే ఇస్లామీయ మండలి. 1978 నుంచి అది ఈ పని చేస్తోంది. దాని పత్రం ఉందేమో చూడండి. లేకపోతే యజమానిని మర్యాదగా అడగండి. అప్పటికీ సందేహం తీరకపోతే వదిలేయండి. తిన్న పళ్ళేలు తిరిగి పెట్టేచోట కూడా హలాల్‌కు, ఇతరాలకు వేర్వేరు అరలుంటాయి. వాటిని చూసి పెట్టడం తోటి ముస్లిముల పట్ల మన బాధ్యత.

ఏం తినవచ్చు?

గేలాంగ్ సెరాయ్ మార్కెట్టులోనూ, సుల్తాన్ మస్జిద్ పరిసరాల్లోనూ మలయ్ ముస్లిముల వంటకాలు దొరుకుతాయి. 'నాసి పదాంగ్' అంటే తెల్లన్నం, దానితోపాటు మనం ఎంచుకునే రకరకాల కూరలు. ఇది సుమత్రా నుంచి వచ్చింది. 'రెందాంగ్' అంటే కొబ్బరిపాలలో మాంసాన్ని ఇగిరేదాకా వండిన కూర. 'లొంతోంగ్' అంటే అదిమి ఉడికించిన అన్నం ముక్కలు, కొబ్బరిపాల కూరగాయల పులుసు.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. మలయ్ ముస్లిములు ఎక్కువగా షాఫయీ మస్లక్‌ను అనుసరిస్తారు. వారికి పీతలు, నత్తగుల్లల వంటివి ధర్మసమ్మతమే. హనఫీ మస్లక్‌లో వాటిని తినకూడదు. రొయ్యల విషయంలో హనఫీ ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. అక్కడి 'సంబల్' కారంలో తరచూ రొయ్యల ముద్ద కలుపుతారు. కనుక హలాల్ పత్రం ఉన్నా, హనఫీలు కూరలో ఏముందో అడగడం మంచిది. అయితే వండినవారిని తప్పుపట్టకూడదు.

ప్రవక్త నేర్పిన మర్యాద

ఒకసారి దైవప్రవక్త (స) ముందు కాల్చిన ఉడుము మాంసం పెట్టారు. ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగితే, కాదనీ, తమవారి ప్రాంతంలో అది లేదు గనుక తమకు ఇష్టం కలగలేదనీ చెప్పారు. ఖాలిద్ (రజి) దాన్ని తింటుంటే ఆయన వారించలేదు (బుఖారీ, ముస్లిం). దాన్ని తినడంపై ఫిఖ్హ్ పండితుల చర్చ వేరు. మనం ఇక్కడ గమనించవలసింది మర్యాద. అలవాటు లేనిదంతా హరామ్ కాదు. మనకు నచ్చనిది ఇతరులు తింటే ఈసడించుకోకూడదు. అలాగని మొహమాటానికి హద్దు దాటకూడదు.

హలాల్ విషయంలో జాగ్రత్తనూ, భోజనం పట్ల కృతజ్ఞతనూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.